స్నేహితులను పిలిచి ఇంట్లో మోడల్ రైళ్లు నడిపించాలంటే ఏం చేయాలి?

మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాటలకు కొదవ ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి మొదటి పావుగంట గడిచాక చాలా ఇళ్లలో జరిగేది వేరు. రైలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని చూస్తుంటారు, పిలిచినవారు మాత్రం కంట్రోలర్ పట్టుకుని ఎక్కడ ఆగిపోతుందోనని హైరానా పడుతుంటారు. దీనికి విరుగుడు ఒక్కటే. వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ ఒక పని ఇవ్వండి. చేతిలో పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి.

అందుకు పెద్ద గది, పెద్ద లేఅవుట్ (పట్టాలు పరిచిన బల్ల) అక్కర్లేదు. రెండు పాయింట్లు (రైలును ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే చోట్లు), ఒక ఇంజన్, ఎనిమిది వ్యాగన్లు ఉంటే ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది. కాకపోతే ఆ రెండు పాయింట్లూ, ఆ ఎనిమిది వ్యాగన్లూ మొరాయించకుండా పనిచేయాలి. కాబట్టి మన పని అతిథులు రావడానికి కొన్ని రోజుల ముందే మొదలవుతుంది.

పిలిచేటప్పుడే అడగాల్సినవి

ఎవరైనా తమ ఇంజన్ తెచ్చుకుంటామంటే తప్పకుండా తెమ్మనండి. మన ఇంజన్ మరొకరి ట్రాక్ మీద పరుగెత్తడం చూడటంలో ఉన్న ఆనందం వేరు. కానీ ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ స్కేల్ 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు, ఓఓ స్కేల్ 1:76. రెండూ నడిచేది 16.5 మి.మీ. ట్రాక్ మీదే కనుక కలిపి నడిపేయవచ్చు, పక్కపక్కన పెడితే సైజు తేడా కనబడుతుందంతే. ఎన్ స్కేల్‌కు 9 మి.మీ. ట్రాక్, అది వేరే లోకం. మూడు పట్టాల ఏసీ పద్ధతికి చేసిన బండ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటి కుడి ఎడమ చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు. మామూలు రెండు పట్టాల ట్రాక్ మీద పెట్టగానే షార్ట్ అవుతుంది.

రెండోది వంపు. మీ లేఅవుట్‌లో అన్నిటికంటే బిగుతైన వంపు రేడియస్ ఎంతో మిల్లీమీటర్లలో చెప్పేయండి. పొడవాటి ఇంజన్ తెచ్చిన మనిషి అది మీ వంపులో ఇరుక్కోవడం చూసి నొచ్చుకోకూడదు కదా.

మూడోది కప్లర్, అంటే బండ్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం. లూప్ రకం, నకిల్ రకం (వేలి కణుపులా ముడుచుకునేది) ఒకదానికొకటి తగులుకోవు. ఒక పాత వ్యాగన్‌కు ఒక చివర ఒక రకం, రెండో చివర ఇంకో రకం బిగించి ఉంచుకోండి. ఎవరేం తెచ్చినా అది మధ్యలో నిలబడి కలిపేస్తుంది.

నాలుగోది, డీసీసీ (ఒకే ట్రాక్ మీద ఒక్కో ఇంజన్‌ను దాని నంబరుతో విడిగా నడిపించే డిజిటల్ పద్ధతి) వాడేవాళ్లకు ముఖ్యమైనది, అడ్రస్, అంటే ఆ నంబరు. కొత్త డీకోడర్ (ఇంజన్ లోపల ఉండి ఆజ్ఞలు అందుకునే చిన్న సర్క్యూట్) ఏ కంపెనీదైనా సాధారణంగా అడ్రస్ 3తోనే వస్తుంది. కొన్నాక మార్చని ఇంజన్లు ఇద్దరు తెచ్చారంటే ఒకరు థ్రాటిల్ తిప్పగానే రెండూ కదులుతాయి. అందులో ఒకటి బల్ల అంచున ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి తలుపు దగ్గరే ఒక కాగితం పెట్టి పేరు, ఇంజన్, అడ్రస్ రాయించండి. ఇంజన్ మీద ఉన్న నంబరులో చివరి రెండు అంకెలనో నాలుగు అంకెలనో అడ్రస్‌గా పెట్టుకోవడం మంచి అలవాటు. మార్చాల్సివస్తే విడిగా ఉన్న ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే మార్చండి. మెయిన్ ట్రాక్ మీద ఆ పని చేస్తే అక్కడున్న ఇంజన్లన్నిటికీ అదే అడ్రస్ పడే ప్రమాదం ఉంది.

డీకోడర్ లేని మామూలు డీసీ ఇంజన్‌ను డీసీసీ ట్రాక్ మీద పెట్టనివ్వకండి. నిలబడినచోటే జుయ్యిమంటూ వేడెక్కుతుంది, కోర్‌లెస్ మోటరైతే కాలిపోతుంది కూడా. డీసీ ఇంజన్లు తెచ్చేవాళ్లు ఎక్కువగా ఉంటే ఆ సాయంత్రానికి లేఅవుట్ మొత్తాన్ని డీసీ మీద నడపండి. ఒక ఇంజనే కదిలే ఆటకు అది చాలు.

ముందురోజు: పట్టాలు, చక్రాలు

సాయంత్రం బాగా సాగుతుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. ఇంజన్ ప్రతి అడుగుకూ ఆగిపోతుంటే, వేలితో తోస్తే తప్ప కదలకపోతే ఏ ఆటా సాగదు. కొంత ఓపిగ్గా చేయండి.

ముందు వ్యాగన్లన్నీ తీసేసి ట్రాక్ ఖాళీ చేయండి. కళ్లు పట్టా ఎత్తుకు వచ్చేలా వంగి ఒక్కో పట్టా వెంబడి చూడండి. మెలికలు, పైకి లేచిన జాయింట్లు పైనుంచి చూస్తే కనబడవు, ఇలా చూస్తే ఇట్టే తెలుస్తాయి. తర్వాత ప్రతి జాయింట్ మీదా గోరు అటూ ఇటూ లాగండి. గోరు తట్టుకుంటే చక్రమూ తట్టుకుంటుంది. సన్నటి ఆకురాయితో ఆ అంచును నున్నగా చేయండి. పాయింట్ల బ్లేడ్లకూ (అటూ ఇటూ కదిలే పట్టా కొనలకూ) పక్క పట్టాకూ మధ్య కంకర రేణువు ఒక్కటి ఇరుక్కున్నా బ్లేడ్ పూర్తిగా మూసుకోదు. అక్కడ పొడి బ్రష్ వేసి, పాయింట్‌ను రెండు వైపులా పలుమార్లు మార్చి చూడండి.

ఇక తుడవడం. నూలు పోగులు వదలని గుడ్డకు కొద్దిగా ద్రావకం తడిపి పట్టాల పైభాగాన్ని తుడవండి. గుడ్డ మీద నల్లటి గీత రావడం మానేదాకా తుడవాలి. ఏ ద్రావకం మంచిదన్న వాదన మన వాళ్లలో ఎప్పటికీ తెగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కువమంది వాడతారు, మురికిని బాగానే వదిలిస్తుంది. నా మొగ్గు మాత్రం వైట్ స్పిరిట్ వైపే, దానితో తుడిచిన పట్టా మళ్లీ నల్లబడటానికి ఎక్కువ సమయం పడుతుంది. ఏదైనా మండే ద్రవమే. కిటికీలు తెరవండి, కరెంట్ ఆపేయండి, పూర్తిగా ఆరాకే ఇంజన్ పెట్టండి. గరుకు కాగితం మాత్రం పట్టాలకు తగలనివ్వకండి. అది చేసే గీతల్లోనే రేపటి మురికి చేరుతుంది.

పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే సగం పనే అయినట్టు. ఇంజన్ చక్రాలకు తేలికైన పద్ధతి ఇది. పేపర్ టవల్ ముక్కను పట్టాలకు అడ్డంగా పరిచి దాన్ని ద్రావకంతో తడపండి. ఇంజన్ సగం చక్రాలు కాగితం మీద, సగం చక్రాలు ఉత్త పట్టా మీద ఉండేలా పెట్టి, ఇంజన్‌ను వేళ్లతో కదలకుండా పట్టుకుని మెల్లగా కరెంట్ ఇవ్వండి. పట్టా మీద ఉన్న చక్రాల నుంచి కరెంట్ అందుతుంది, కాగితం మీద ఉన్నవి తిరుగుతూ తమ మురికిని తామే వదిలించుకుంటాయి. కాగితం మీద రెండు నల్లటి చారలు పడతాయి. కాగితాన్ని కొద్దిగా జరిపి, చారలు లేతబడేదాకా చేయండి. తర్వాత ఇంజన్‌ను అటు నుంచి ఇటు తిప్పి మిగతా చక్రాలకూ ఇలాగే. పట్టు కోసం రబ్బరు టైర్లు ఉన్న చక్రాలుంటే వాటికి ద్రావకం తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బి ఊడిపోతుంది. వ్యాగన్ల చక్రాలను చేత్తోనే తుడవాలి. ప్లాస్టిక్ చక్రాలు మురికిని పట్టి ట్రాకంతా పూస్తాయి, వీలైనప్పుడు వాటిని లోహపు చక్రాలకు మార్చేయండి.

వ్యాగన్ బరువు కూడా చూడండి. తేలికైన వ్యాగన్ వెనక్కి నెట్టినప్పుడు పాయింట్ల మీద ఎగిరి పడుతుంది. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓ వ్యాగన్లకు చెప్పిన లెక్క తేలిక: మొదట ఒక ఔన్సు, ఆపై పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. అంటే ఆరంగుళాల వ్యాగన్ నాలుగు ఔన్సులు, దాదాపు 113 గ్రాములు ఉండాలి. కచ్చితంగా అంతే ఉండాలని నేను పట్టుబట్టను. కానీ ఆటలో వాడే ఎనిమిదీ ఒకదానికొకటి దగ్గరి బరువులో ఉండటం మాత్రం అవసరం.

చివరగా కరెంట్. పట్టాలను కలిపే జాయినర్లను నమ్ముకుని ఒక్కచోట మాత్రమే వైర్లు కలిపి ఉంటే దూరంగా ఉన్న పట్టాలకు కరెంట్ నీరసంగా చేరుతుంది. మీటరుకో జత ఫీడర్ వైర్లు (పట్టాలకు కరెంట్ తెచ్చేవి) టంకం వేయండి. డీసీసీ ఉంటే ఒక నాణెం తీసుకుని లేఅవుట్‌లో అక్కడక్కడ రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టి చూడండి. ప్రతిచోటా బూస్టర్ (ట్రాక్‌కు డీసీసీ కరెంట్ అందించే పెట్టె) వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా అవకపోతే అక్కడ వైరింగ్ చాలదని అర్థం. ఆ స్థితిలో అక్కడ నిజంగా షార్ట్ అయితే ఏదో ఒకటి కరిగిపోతుంది, నాణెం వెంటనే తీసేయండి.

ఎనిమిది వ్యాగన్ల ఆట

అలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్ తన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ లేఅవుట్‌తో అందరికీ పరిచయం చేసిన షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కావలసిన వరసలో అమర్చడం) ఆట ఇది. మూడు లైన్లుంటాయి. పొడవైన దానిలో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఆ మూడూ కలిసే చోట హెడ్‌షంట్ (ఇంజన్ వ్యాగన్లను బయటికి లాగి నిలబడే పట్టా ముక్క), అందులో ఇంజనూ మూడు వ్యాగన్లూ మాత్రమే పడతాయి. నాలుగు చక్రాల పొట్టి వ్యాగన్లయితే హెచ్‌ఓలో సుమారు ఒకటిన్నర మీటర్ల పలక చాలు. మీ దగ్గర పెద్ద లేఅవుట్ ఉంటే దాని యార్డులోనే ఇలాంటి మూలను వెతకండి. పొడవులు ఎక్కువగా ఉన్నచోట స్లీపర్ల మధ్య ఒక రంగు పుల్ల గుచ్చి, దాన్ని దాటకూడదని చెప్పండి.

మొదలుపెట్టేటప్పుడు పొడవు లైన్లో ఐదు, ఒక పొట్టి లైన్లో మూడు వ్యాగన్లు నిలబెట్టండి. మరో పొట్టి లైన్ ఖాళీ. ఎనిమిది చీటీల మీద ఎనిమిది వ్యాగన్ల గుర్తులు రాసి డబ్బాలో వేసి ఐదు తీయించండి. ఏ వరసలో చీటీలు వచ్చాయో అదే వరసలో ఆ ఐదు వ్యాగన్లూ పొడవు లైన్లో నిలబడాలి. మొదటి చీటీ ఇంజన్ పక్కదా, చివరిదా అన్నది ముందే చెప్పండి, లేకపోతే మధ్యలో గొడవే. ఇలా 6,720 రకాల రైళ్లు వస్తాయి, కాబట్టి ఎవరూ పాత జవాబు బట్టీపట్టి రాలేరు.

చూడటానికి చిన్న లెక్కలా ఉంటుంది. మొదటి ఎత్తుగా చాలామంది పొడవు లైన్ నుంచి మూడు వ్యాగన్లు లాగి ఖాళీ లైన్లో పెడతారు. ఇప్పుడు పొట్టి లైన్లు రెండూ నిండిపోయాయి, పొడవు లైన్లో రెండు మిగిలాయి. ఆ రెండూ చీటీల వరసకు సరిపోతే అదృష్టమే. లేకపోతే వాటినీ బయటికి లాగాలి, అప్పుడు హెడ్‌షంట్‌లో మిగిలేది ఒక్క వ్యాగన్ చోటు. ఏ లైన్ మొదట్లో ఏ వ్యాగన్ ఉంది, దాన్ని తీస్తే వెనకున్నది ఎక్కడికి పోతుంది? మాటలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. చుట్టూ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఒక సలహా ఉంటుంది.

వేగం తగ్గించమని పట్టుబట్టండి. గంటకు 10 కి.మీ. వేగంతో జరిగే షంటింగ్ హెచ్‌ఓలో సెకనుకు 3 సెం.మీ. కంటే కాస్త ఎక్కువ, మీటరు దూరం దాటడానికి అర నిమిషం. మొదట్లో విసుగనిపించినా కాసేపటికే కంటికి అదే నిజమైన రైలుగా కనిపిస్తుంది. కంట్రోలర్‌లో గరిష్ఠ వేగాన్ని తగ్గించే వీలుంటే ముందే తగ్గించి పెట్టండి. గడియారం పెట్టి పందెం ఆడించడం నాకు నచ్చదు. తొందరలో కప్లర్లు విరుగుతాయి, పక్కవాళ్లతో మాట కూడా ఆగిపోతుంది.

ఎవరికి ఏ పని

ఒక ఇంజన్‌కు ఇద్దరు మనుషులు. ఒకరు డ్రైవర్, కంట్రోలర్ ఆయన చేతిలోనే. రెండోవారు షంటర్. పాయింట్లు మార్చేదీ, సన్నటి పుల్లతో కప్లర్లు విడదీసేదీ, ఆజ్ఞలిచ్చేదీ వాళ్లే. డ్రైవర్ తన ఇష్టం వచ్చినట్టు కదలకూడదు, షంటర్ చెప్పిందే చేయాలి. ఆజ్ఞలు వ్యాగన్ల లెక్కలో ఇవ్వాలి: "వెనక్కి రా, మూడు వ్యాగన్లు... రెండు... ఒకటి... సగం... ఆగు." నిజమైన యార్డుల్లోనూ దూరాన్ని ఇలాగే చెబుతారు. షంటర్ మాట ఆగితే రైలు కూడా ఆగాలి. ఈ ఒక్క నియమంతోనే మాటా పనీ ముడిపడిపోతాయి, బిడియస్తులు కూడా పది నిమిషాల్లో గొంతు విప్పుతారు.

కొత్తగా వచ్చినవారికి కంట్రోలర్ ఇచ్చి, పక్కన అనుభవం ఉన్నవారిని షంటర్‌గా నిలబెట్టండి. వాళ్లెప్పుడూ ఇంజన్ నడపలేదంటే ఉత్త ఇంజన్‌తో ఒకసారి అటూ ఇటూ తిరగనివ్వండి. పిల్లలకు పీట వేసి చీటీలు తీసే పని, వరస సరిచూసే పని ఇవ్వండి. వాళ్ల కళ్లు మనకంటే చురుకైనవి. ఒక రైలు పూర్తయ్యాక జత మారాలి, డ్రైవర్ షంటర్ కావాలి. మిగతావాళ్లు నిలబడి సలహాలిచ్చేందుకు లేఅవుట్ ముందు 90 సెం.మీ. దారి ఉంటే హాయి, 60కి తగ్గితే వీపులు రాసుకుంటాయి.

మీరు మాత్రం ఆ సాయంత్రం కంట్రోలర్ పట్టుకోకండి. మీది స్టేషన్ మాస్టర్ పని, జేబులో చిన్న నోట్‌బుక్‌తో.

మాట తీరు

సౌండ్ డీకోడర్ల వాల్యూమ్ ముందే తగ్గించండి. మూడు డీజిల్ ఇంజన్లు నిలబడి గుర్రుమంటుంటే మనిషి మాట మనిషికి వినబడదు. నీళ్లు, పానీయాలు లేఅవుట్ మీద కాకుండా పక్క బల్ల మీదే ఉండాలి, ఇది మొదట్లోనే చెప్పేయండి. ఇతరుల బండి ముట్టుకునే ముందు అడగాలి. ఎత్తేటప్పుడు పక్కల మెట్లూ కడ్డీలూ పట్టుకోకుండా కింది ఫ్రేమ్ దగ్గర పట్టుకోవాలి.

మన వాళ్లలో వివరాల మీద పట్టున్నవాళ్లు ఉంటారు. ఏ రంగు ఏ సంవత్సరంలో వచ్చిందో, ఏ ఇంజన్‌కు ఏ బ్రేకులో వాళ్లకు కంఠతా వచ్చు. వాళ్లంటే నాకు గౌరవం, వాళ్ల దగ్గర నేర్చుకోనిదే మంచి మోడల్ రాదు. కానీ అదే జ్ఞానం "ఈ రంగు తప్పు" అన్న రూపంలో బయటికొస్తే, వారాల తరబడి కూర్చుని చేసిన మనిషి మొహం వాడిపోతుంది. "ఏ కాలం అనుకుని చేశారు?" అని అడిగి చూడండి. చేసినవారు తమ కథ చెబుతారు, ఆ కథలో తప్పుంటే తామే గుర్తుపడతారు. నా రైల్వే నా ఇష్టం అన్నది ఈ అభిరుచిలో అందరూ ఒప్పుకునే మొదటి నియమం, అది అతిథి తెచ్చిన ఒక్క వ్యాగన్‌కు కూడా వర్తిస్తుంది.

ఆట సాగుతుండగా చూసేవాళ్లు సలహాలు ఇవ్వొచ్చు, కంట్రోలర్ లాక్కోకూడదు. ఎవరైనా బాగా చిక్కుకుపోతే సమాధానం చెప్పేయకుండా "హెడ్‌షంట్‌లో ఇంకెన్ని పడతాయి?" లాంటి ప్రశ్న వేయండి.

పట్టాలు తప్పినప్పుడు

తప్పుతాయి. ఆ క్షణంలో డ్రైవర్ వైపు చూడకండి, ట్రాక్ వైపు చూడండి. వ్యాగన్‌ను తిరిగి పెట్టేముందు ఏ చక్రం ఎక్కడ దిగిందో చూసి, ఆ చోట చిన్న రంగు కాగితం ముక్క అంటించి, వ్యాగన్ గుర్తు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక వ్యాగన్ చాలాచోట్ల తప్పుతుంటే జబ్బు ఆ వ్యాగన్‌లో ఉంది. రకరకాల వ్యాగన్లు ఒకే చోట తప్పుతుంటే జబ్బు ట్రాక్‌లో ఉంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే గంటల కొద్దీ వెతుకులాట తప్పుతుంది. రెండోసారి తప్పిన వ్యాగన్‌ను ఆటలోంచి తీసి సిక్ లైన్ (పాడైన బండ్లను నిలిపే లైన్) అని రాసిన డబ్బాలో పెట్టి, దాని బదులు ఇంకొకటి ఇవ్వండి. ఆట మధ్యలో రిపేరుకు కూర్చోకండి. అందరూ మీ భుజం మీదుగా తొంగిచూస్తూ నిలబడిపోతారు.

సర్దేటప్పుడు ఎవరి బండ్లు వాళ్ల పెట్టెల్లో చేరాయో తలుపు దగ్గరి కాగితంతో సరిచూడండి. ఒకే రకం వ్యాగన్లు ఇద్దరి దగ్గరా ఉండటం మామూలే, అందుకే అడుగున చిన్న రంగు చుక్క పెట్టుకోమని ముందే చెప్పడం మేలు. చీటీలు వెనక్కి డబ్బాలోకి, కరెంట్ ఆఫ్.

రిపేర్లు మర్నాడే మొదలుపెట్టండి, ఏ చప్పుడు ఎక్కడ విన్నారో అప్పటికి ఇంకా గుర్తుంటుంది. సిక్ లైన్ డబ్బాలోని వ్యాగన్లకు గేజ్ పరికరంతో చక్రాల మధ్య దూరం కొలవండి. చాలాసార్లు ఒక చక్రం ఇరుసు మీద కొద్దిగా జరిగి ఉంటుంది, మెలితిప్పుతూ మెల్లగా వెనక్కి జరిపితే చాలు. కప్లర్ కిందికి వేలాడుతూ పాయింట్ల మధ్య తగులుతోందేమో కూడా చూడండి. అతిథి వ్యాగనే తప్పి ఉంటే ఏ చక్రం, ఏ వైపు అన్నది వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లూ ఇంట్లో సరిచేసుకుంటారు.

తర్వాత కాగితం ముక్కలు అంటించిన చోట్లు. వంగి చూడటం, గోరుతో తడమటం, బ్రష్ వేయడం, మళ్లీ అదే వరస. బాగైందనిపించాక ముందు రోజు అక్కడ తప్పిన వ్యాగన్‌నే తెచ్చి, ఇంజన్‌తో వెనక్కి నెట్టిస్తూ మెల్లగా పలుమార్లు దాటించండి. లాగేటప్పుడు దాగిపోయే లోపం నెట్టేటప్పుడు బయటపడుతుంది. అలా నెట్టినా తప్పకపోతేనే ఆ కాగితం ముక్క తీసేయండి.